ఎక్లిప్స్ మెమరీ వ్యూకి సొంత రెండరింగ్ ప్లగిన్: అంకెలు తప్పు, పైగా యూఆర్ట్‌లో బైట్లు మాయం

వేగుచుక్క | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ఎస్‌టీఎం32ఎఫ్4 బోర్డు మీద ఆడియోకు సంబంధించిన ఒక ఫర్మ్‌వేర్ రాస్తున్నాను. సీరియల్ లైను మీద, అంటే బోర్డులోని యూఆర్ట్ అనే సీరియల్ భాగం ద్వారా, వచ్చే శాంపిళ్ళు క్యూ15 రూపంలో ఒక రింగ్ బఫర్‌లో (చివరికి చేరాక మళ్ళీ మొదటి నుంచి నిండే నిల్వలో) చేరతాయి. క్యూ15 తెలియనివారి కోసం ఒక మాట: 16 బిట్ల సైన్డ్ పూర్ణాంకాన్ని 32768తో భాగిస్తే వచ్చేదే అసలు విలువ, కాబట్టి హెక్సాలో 4000 అంటే 0.5 అన్నమాట. ఎక్లిప్స్ సీడీటీలో (సీ, సీ++ ప్రోగ్రాములు రాసే, పరీక్షించే సాధనం) బోర్డు మెమరీని గడుల్లో చూపే మెమరీ వ్యూలో హెక్సా, ఆస్కీ, సైన్డ్, అన్‌సైన్డ్ రూపాలు ఉన్నాయి కానీ ఇది లేదు. ప్రతి గడికీ క్యాలిక్యులేటర్ తీయడం విసుగనిపించి, మెమరీ రెండరింగ్స్ ఎక్స్‌టెన్షన్ పాయింటును వాడుకుని సొంత రెండరింగ్, అంటే బైట్లను చూపే రూపం, రాయడానికి కూర్చున్నాను.

రెండు వారాంతాలు గడిచాక మూడు చిక్కులు మిగిలాయి. మొదటిది, నా రెండరింగ్ కొత్త రెండరింగుల జాబితాలో కనిపించడమే లేదు. పరీక్ష కోసం సీడీటీ సోర్సులోనే కోడ్ అతికించి నడిపితే మాత్రం కనిపిస్తుంది. రెండోది, అలా నడిపినప్పుడు కొన్ని గడుల్లో విలువలు సరిగా, కొన్నింట్లో అర్థంలేకుండా వస్తున్నాయి. మూడోది నన్ను నిద్రపోనివ్వడం లేదు. బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగి ఒక్కో అడుగూ వేసుకుంటూ పోతే యూఆర్ట్‌కు వచ్చిన బైట్లు అప్పుడప్పుడు మాయమవుతున్నాయి. మెమరీ వ్యూ మూసేస్తే ఒక్క బైటూ పోదు. నా ప్లగిన్ కోడ్‌లో ఏదో బోర్డును పాడుచేస్తోందని అనుమానం.

---

తుంగభద్ర | సోమవారం, రాత్రి 10:25

వేగుచుక్క గారూ, మొదటి చిక్కుకు నాకు తెలిసి రెండే కారణాలు ఉంటాయి.

ఒకటి, ప్లగిన్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో రెండరింగ్ టైప్ అనే మూలకం ఒక్కటే రాసి ఊరుకోవడం. అది "ఇలాంటి రూపం ఒకటుంది, దాన్ని తయారుచేసే క్లాసు ఇది" అని చెప్పడానికే పనికొస్తుంది. ఆ రూపం ఎలాంటి మెమరీ బ్లాకులకు వర్తిస్తుందో చెప్పడానికి రెండరింగ్ బైండింగ్స్ అనే మరో మూలకం కావాలి. దానిలోని ఎనేబుల్‌మెంట్ షరతులో, బ్లాకు ఐమెమరీబ్లాక్‌ఎక్స్‌టెన్షన్ అనే ఇంటర్‌ఫేసుకు చెందినదైతే చాలునని రాయండి. సీడీటీ తయారుచేసే బ్లాకులన్నీ ఆ ఇంటర్‌ఫేసును అమలుచేస్తాయి.

రెండోది మరింత మోసకారి. మ్యానిఫెస్ట్ ఫైలులో ప్లగిన్ పేరు పక్కన సింగిల్‌టన్ అని గుర్తు పెట్టకపోతే, ఎక్లిప్స్ ఆ ప్లగిన్‌లోని ఎక్స్‌టెన్షన్లు అన్నింటినీ పక్కన పెట్టేస్తుంది. తెర మీద ఏ హెచ్చరికా రాదు, ఎర్రర్ లాగ్ వ్యూలో మాత్రం ఒక పంక్తి పడి ఉంటుంది. సీడీటీ సోర్సులో అతికిస్తే కనిపించింది అన్నారు కదా, ఆ ప్లగిన్‌కు ఆ గుర్తు ముందే ఉంటుంది కాబట్టి నా అనుమానం దీని మీదే.

రెండో చిక్కుకు ఒక గడి ఉదాహరణ ఇవ్వండి. ఏ బైట్లు ఉన్నాయి, ఏం రావాలి, ఏం వచ్చింది? ఊహ మీద మాట్లాడటం నాకు చేతకాదు.

---

వేగుచుక్క | సోమవారం, రాత్రి 11:05

సింగిల్‌టన్నే! లాగ్‌లో ఆ పంక్తి నిజంగానే ఉంది, నేనే ఎన్నడూ తెరిచి చూడలేదు. ఇప్పుడు "క్యూ15" అని జాబితాలో కనిపిస్తోంది.

ఉదాహరణ ఇదిగో. మెమరీలో వరుసగా 80, 20 అనే రెండు బైట్లు ఉన్నాయి, రెండూ హెక్సాలోనే. లిటిల్ ఎండియన్ (కింది బైటు ముందు ఉండే పద్ధతి) కాబట్టి సంఖ్య హెక్సాలో 2080, అంటే 8320. దాన్ని 32768తో భాగిస్తే 0.25390625 రావాలి. గడిలో −0.00390625 కనిపిస్తోంది. దాని పక్క గడిలో 10, 20 ఉన్నాయి, అక్కడ సరిగానే వస్తోంది. ఇంకొక వింత ఏమిటంటే, ఒక్కో గడిలో రెండు శాంపిళ్ళు ఉండాల్సిన చోట ఒక్కటే కనిపిస్తోంది.

---

తుంగభద్ర | మంగళవారం, ఉదయం 7:15

ఇది ఎక్లిప్స్ తప్పు కాదు, జావా బైటు స్వభావం. జావాలో బైటు ఎప్పుడూ సైన్డే. హెక్సా 80ను బైటులో పెడితే అది −128 అవుతుంది. దాన్ని పూర్ణాంకంగా విస్తరించినప్పుడు పై 24 బిట్లూ ఒకట్లతో నిండిపోతాయి. మీరు పై బైటును ఎనిమిది బిట్లు ఎడమకు జరిపి, కింది బైటుతో ఆర్ చేసి ఉంటారు. ఆ ఒకట్లు పై బైటును మింగేసి ఫలితం −128గానే మిగులుతుంది. −128ని 32768తో భాగించి చూడండి, మీ గడిలోని అంకె అచ్చంగా అదే. కింది బైటును ముందు 255తో యాండ్ చేయండి, పై బైటును మాత్రం అలాగే వదిలేయండి, ఎందుకంటే మనకు కావలసిన గుర్తు దానిలోనే ఉంది. 10, 20 ఉన్న గడి సరిగా రావడానికి కారణం ఆ కింది బైటు 128 కంటే చిన్నది కావడమే.

ఒక్క శాంపిలే కనిపించడం గురించి. టేబుల్ రెండరింగ్ మామూలుగా ఒక వరుసకు 16 యూనిట్లు, ఒక గడికి 4 యూనిట్లు పెట్టుకుంటుంది. మీ బోర్డులో ఒక యూనిట్ ఒక బైటే. అంటే గెట్‌స్ట్రింగ్ అనే పద్ధతికి అందే మెమరీబైట్ల వరుసలో నాలుగు బైట్లు ఉంటాయి. మీరు మొదటి రెండే చూసి వదిలేశారు. ఫార్మాట్ మెనూలో గడి వెడల్పును 2 చేసుకోవచ్చు, కానీ వాడేవారు దాన్ని ఎప్పుడైనా మార్చగలరు. అందిన వరుస పొడవును బట్టి రెండేసి బైట్ల చొప్పున లూపులో నడిచి, విలువల మధ్య ఖాళీ పెట్టి ఇవ్వండి.

పనిలో పనిగా మరొకటి. ఒక్కో మెమరీబైట్‌కు చదవదగినదా, రాయదగినదా, విలువ మారిందా, ఎండియన్ తెలుసా అనే గుర్తులు ఉంటాయి. చదవదగినది కాకపోతే లెక్క చేయకుండా ప్రశ్నార్థకాలు చూపండి. లేకపోతే చదవలేని బైట్లు సున్నాలుగా మారి, బఫర్‌లో నిశ్శబ్దం ఉందని మీరు పొరబడతారు. ఎండియన్ గుర్తు తెలిపే పద్ధతి పేరులో ఇంగ్లీషు స్పెల్లింగు తప్పు ఉంది, ఒక ఎన్ తక్కువ. అది 2005 నాటి 3.1 విడుదలలో ఏపీఐలోకి చేరిపోయింది కాబట్టి ఇక ఎవరూ దిద్దలేరు. మీరు సరైన స్పెల్లింగు కొడితే కంపైలర్ ఒప్పుకోదు.

---

స్టాక్_పాయింటర్ | మంగళవారం, ఉదయం 9:50

అడగకూడని ప్రశ్న కావచ్చు, కానీ అడుగుతాను. ఒక రింగ్ బఫర్ చూడటానికి ఇంత అవస్థ ఎందుకు? 2009లో వచ్చిన 7.0 నుంచి ఎక్లిప్స్ వెనక పనిచేసే డీబగ్గర్ జీడీబీలోనే పైథాన్ ఉంది. సెలెక్టెడ్ ఇన్ఫీరియర్ నుంచి రీడ్ మెమరీతో 512 బైట్లు తెచ్చుకుని, స్ట్రక్ట్ మాడ్యూల్‌తో 256 సైన్డ్ షార్టులుగా విప్పి, 32768తో భాగించి అచ్చువేస్తే సరిపోతుంది. ముప్పై పంక్తులు దాటదు. ఎక్లిప్స్‌లోని డీబగ్గర్ కన్సోల్ నుంచీ పనిచేస్తుంది, ఒట్టి టెర్మినల్‌లోనూ పనిచేస్తుంది. రేపు మీ బృందంలో ఎవరైనా వేరే ఎడిటర్‌కు మారినా అదే స్క్రిప్టు వాడుకుంటారు. మీ ప్లగిన్‌ను మాత్రం ఎక్లిప్స్ వెర్షను మారినప్పుడల్లా ఎవరో ఒకరు మోయాలి.

పైగా అసలు సంగతి ఒకటుంది. రెండరింగ్‌కు అందేది బైట్లు మాత్రమే. హెడ్, టెయిల్ అనే రాసే, చదివే స్థానాలు ఏవి, బఫర్ ఎక్కడ మొదలవుతుంది అన్న సమాచారం సింబల్ టేబుల్‌లో ఉంటుంది, అది జీడీబీకే తెలుసు. పైథాన్‌లో బఫర్ పేరు చెప్పి హెడ్ విలువ అడిగితే వెంటనే ఇస్తుంది. అదే పని రెండరింగ్ లోపల నుంచి చేయాలంటే తలకిందులుగా తపస్సు చేయాలి.

---

తుంగభద్ర | మంగళవారం, ఉదయం 10:40

స్టాక్_పాయింటర్ గారూ, మీరు చెప్పిన రెండో పేరాతో పూర్తిగా ఏకీభవిస్తాను, మొదటి పేరాతో సగమే. అచ్చువేసిన 256 అంకెలు తెర మీద పైకి జరిగిపోతాయి. తరువాతి అడుగు వేశాక వాటిలో ఏది మారిందో కళ్ళతో వెతుక్కోవాలి. మెమరీ వ్యూలో మారిన గడి రంగు మారి కనిపిస్తుంది, గడి మీద నొక్కి విలువ దిద్దవచ్చు. ఈ రెండు సౌకర్యాలూ టేబుల్ రెండరింగ్‌ను వారసత్వంగా తీసుకున్నందుకు ఉచితంగా వస్తాయి. వేగుచుక్క గారు రాయవలసినవి నిజానికి రెండు పద్ధతులే: బైట్లను అక్షరాలుగా మార్చే గెట్‌స్ట్రింగ్, టైపు చేసిన అక్షరాలను తిరిగి బైట్లుగా మార్చే గెట్‌బైట్స్.

హెడ్, టెయిల్ గీతలు గీయాలనుకుంటే మాత్రం మీ దారే మేలు. అవి బఫర్‌తో పాటు ఒకే స్ట్రక్చర్‌లో పక్కపక్కనే ఉంటే, ఆ స్ట్రక్చర్ మొదటి చిరునామాకు మెమరీ వ్యూలో మానిటర్ (ఫలానా చోటు చూపమనే గుర్తు) పెట్టి మొదటి నాలుగు బైట్లను విడిగా అర్థం చేసుకునే ఉపాయం ఒకటుంది. కానీ స్ట్రక్చర్‌లో ఎవరైనా ఒక ఫీల్డు చేర్చిన రోజున ఆ ఉపాయం చెప్పాపెట్టకుండా అబద్ధం చూపిస్తుంది.

---

పెన్నేరు | మంగళవారం, మధ్యాహ్నం 1:10

ఈ చర్చ చదివి ఆగలేక రాస్తున్నాను. ఎప్పటికైనా ఆ ప్లగిన్‌ను డీఎస్‌పీ (సిగ్నళ్ళను లెక్కించే) చిప్‌ల మీద వాడే ఉద్దేశం ఉంటే "రెండు బైట్లు" అని కోడ్‌లో ఎక్కడా గట్టిగా రాసేయకండి. టీఐ వారి సీ28ఎక్స్ కోర్‌లో ఒక చిరునామాకు 16 బిట్లు ఉంటాయి, అక్కడ సీ భాషలోని చార్ రకం కూడా 16 బిట్లే. చిరునామా ఒకటి పెరిగితే రెండు బైట్లు ముందుకు జరిగినట్టు. మెమరీ బ్లాకులోని గెట్ అడ్రసబుల్ సైజ్ అనే పద్ధతి అక్కడ 2 ఇవ్వాలి, మీ ఎస్‌టీఎం32లో 1 ఇస్తుంది. బ్లాకు నుంచి చదవమని అడిగేటప్పుడు మీరు ఇచ్చే సంఖ్య యూనిట్లలో ఉంటుంది, తిరిగి వచ్చే వరుస పొడవు బైట్లలో ఉంటుంది. నేను ఈ రెండింటినీ కలగాపులగం చేసుకుని, సగం బఫరే కనిపిస్తోందని హార్డ్‌వేర్ వాళ్ళతో ఒక రోజంతా గొడవపడ్డాను. వాళ్ళు పాపం ఓపికగా ఓసిలోస్కోపు తెచ్చి మరీ చూపించారు.

---

మూడో_అంతస్తు | మంగళవారం, సాయంత్రం 6:30

అందరూ మొదటి రెండు చిక్కుల దగ్గరే ఆగిపోయారు. నాకు మూడోదే ఆసక్తిగా ఉంది. వేగుచుక్క గారూ, రెండు ప్రశ్నలు. మెమరీ వ్యూలో రింగ్ బఫర్ కాకుండా ఇంకేదైనా మానిటర్ పెట్టుకున్నారా? మీ రెండరింగ్‌ను తీసేసి మామూలు హెక్సా పెట్టినా బైట్లు పోతున్నాయా?

---

వేగుచుక్క | మంగళవారం, రాత్రి 8:55

మొదటి ప్రశ్నకు జవాబు: అవును. వ్యూను రెండు పలకలుగా చీల్చి, ఎడమవైపు రింగ్ బఫర్, కుడివైపు యూఆర్ట్ కంట్రోల్ రిజిస్టరు పెట్టుకున్నాను. ఇంటరప్ట్ ఎనేబుల్ బిట్ పొరపాటున ఆరిపోతోందేమోనని దాన్ని గమనిస్తున్నాను. డేటా రిజిస్టరును మాత్రం నేను తాకలేదు.

రెండో ప్రశ్నకు ఇప్పుడే పరీక్షించాను. నా ప్లగిన్‌ను పూర్తిగా తీసేసి, రెండు పలకల్లోనూ హెక్సా పెట్టినా బైట్లు పోతున్నాయి! అంటే నా కోడ్ నిర్దోషి అన్నమాట. సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు.

---

మూడో_అంతస్తు | మంగళవారం, రాత్రి 9:35

మీరు తాకలేదు, వ్యూ తాకింది. ఎఫ్4లో యూఎస్ఆర్ట్1 హెక్సా 40011000 దగ్గర మొదలవుతుంది. ఆ మొదటి చోట స్టేటస్ రిజిస్టరు, నాలుగు బైట్ల తరువాత డేటా రిజిస్టరు, ఎనిమిది తరువాత బాడ్ రేటు (సీరియల్ వేగం), పన్నెండు తరువాత మీరు చూస్తున్న కంట్రోల్ రిజిస్టరు ఉంటాయి. ఇప్పుడు తుంగభద్ర గారు చెప్పిన వరుస పొడవు గుర్తుకు తెచ్చుకోండి: 16 యూనిట్లు. మీరు పన్నెండో బైటు దగ్గర మానిటర్ పెట్టినా, వ్యూ ఆ వరుసను 16తో భాగింపబడే చిరునామాకు సర్దుకుని 40011000 నుంచే చదువుతుంది. అంతేకాదు, పైకీ కిందికీ జరిపినప్పుడు ఆలస్యం కాకూడదని, తెర మీద కనిపించని వరుసలను కూడా ముందుగా తెచ్చి ఉంచుకుంటుంది.

డేటా రిజిస్టరును చదవగానే, "కొత్త బైటు వచ్చింది" అని చెప్పే ఆర్‌ఎక్స్‌ఎన్‌ఈ జెండా హార్డ్‌వేర్‌లోనే దిగిపోతుంది. చదివింది ప్రాసెసరా, డీబగ్గరా అన్నది దానికి పట్టదు. మీరు ఆగి ఉన్నప్పుడు ఒక బైటు వస్తుంది, వ్యూ దాన్ని చదివేస్తుంది, జెండా దిగిపోతుంది, మీరు తరువాత రన్ నొక్కినా ఇంటరప్ట్ రానే రాదు. బైటు పోయింది.

ఇంకా విచిత్రం ఏమిటంటే, ఓవర్‌రన్ (పాత బైటు చదవకముందే కొత్తది వచ్చింది అని చెప్పే) జెండాను దించడానికి ఆ చిప్‌లో నిర్ణయించిన క్రమం ముందు స్టేటస్ చదవడం, ఆ తరువాత డేటా చదవడం. మన వ్యూ వరుసను ఎడమ నుంచి కుడికి చదువుతుంది కాబట్టి అచ్చంగా అదే క్రమం పాటిస్తుంది. అందువల్ల బైటు పోయిందనడానికి సాక్ష్యంగా మిగలాల్సిన ఓవర్‌రన్ జెండా కూడా చెరిగిపోతుంది. దొంగతనం చేసి వేలిముద్రలు తుడిచేసినట్టు.

నమ్మకం కుదరకపోతే సీడీటీ కన్సోళ్ళలో జీడీబీ ట్రేసెస్ అనేది తెరిచి, ఒక్క అడుగు వేసి, ఏ చిరునామాలు చదివిందో చూడండి.

---

వేగుచుక్క | మంగళవారం, రాత్రి 11:20

చూశాను. ట్రేసులో చిరునామాలు దశాంశంలో వస్తాయి కాబట్టి 1073811456 అనే సంఖ్యను మొదట పోల్చుకోలేకపోయాను. హెక్సాలోకి మార్చితే 40011000. డేటా రీడ్ మెమరీ బైట్స్ అనే ఆదేశం ప్రతి అడుగుకీ ఒకసారి ఆ చిరునామాతో వెళ్తోంది. నేను మూడు రోజులుగా నా ప్లగిన్‌లో లేని దయ్యాన్ని వెతుకుతున్నాను.

మరి దీనికి విరుగుడు ఎక్కడ రాయాలి? నా రెండరింగ్‌లోనే ఫలానా చిరునామాలు వస్తే చూపవద్దు అని ఒక షరతు పెట్టమంటారా?

---

తుంగభద్ర | బుధవారం, ఉదయం 6:50

వద్దు. గెట్‌స్ట్రింగ్ మీ దగ్గరికి వచ్చేసరికే బైట్లు చదవడం అయిపోయి ఉంటుంది. అక్కడ మీరు ప్రశ్నార్థకాలు చూపినా హార్డ్‌వేర్‌కు జరగవలసిన నష్టం జరిగిపోయే ఉంటుంది. రెండరింగ్ అనేది రూపం ఇచ్చే పొర. ఏం చదవాలి, ఏం చదవకూడదు అన్న నిర్ణయం దానికంటే కింద, మెమరీ బ్లాకులోనో, అంతకంటే కింద జీడీబీలోనో జరగాలి. ఇదే కారణంతో, దయచేసి గెట్‌స్ట్రింగ్ లోపల నుంచి మీరు కూడా మెమరీ చదవకండి. ఆ పద్ధతిని తెర గీసే థ్రెడ్డే పిలుస్తుంది. అక్కడ జీడీబీ జవాబు కోసం ఎదురుచూస్తే ఎక్లిప్స్ మొత్తం బిగుసుకుపోతుంది. నిదానమైన ప్రోబుల (బోర్డును కంప్యూటరుకు కలిపే డీబగ్ పరికరాల) కోసమే 3.2లో అసింక్ టేబుల్ రెండరింగ్ అనే వేరే మూల క్లాసు ఇచ్చారు, అది చదవడాన్ని వెనక థ్రెడ్డులో చేస్తుంది. మీరు దాన్నే వారసత్వంగా తీసుకోవడం మంచిది.

సొంత బ్లాకు క్లాసు రాసి సీడీటీలో దూర్చడం సాధ్యమే గాని మీ అవసరానికి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. తాత్కాలికంగా అయితే సీడీటీ వారి ట్రెడిషనల్ రెండరింగ్‌లో అప్‌డేట్ మోడ్ అనే మెనూ ఉంది. దానిలో మాన్యువల్ ఎంచుకుంటే మీరు అడిగితే తప్ప మళ్ళీ చదవదు. పూర్తి పరిష్కారం మాత్రం జీడీబీ వైపే ఉంది, అది స్టాక్_పాయింటర్ గారికి నాకంటే బాగా తెలుసు.

---

స్టాక్_పాయింటర్ | బుధవారం, ఉదయం 9:15

పిలిచారు కాబట్టి వస్తున్నాను, ఈసారి పైథాన్ ప్రచారం చేయనులెండి.

జీడీబీలో మెమ్ అనే ఆదేశం ఉంది. దానికి కింది హద్దు, పై హద్దు, చదవడం మాత్రమేనా, రాయడం కూడానా అన్న లక్షణాలు ఇస్తే ఒక ప్రాంతం ఏర్పడుతుంది. ఒక్క ప్రాంతమైనా ఏర్పడ్డాక, ఏ ప్రాంతంలోకీ రాని చిరునామాలను జీడీబీ తాకదు. ఇన్‌యాక్సెసిబుల్ బై డీఫాల్ట్ అనే అమరిక మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. అందువల్ల మీరు ఫ్లాష్‌ను మీ చిప్‌లో ఉన్నంత మేర చదవడానికి మాత్రమే, ర్యామ్‌ను 20000000 నుంచి చదవడానికీ రాయడానికీ ఇచ్చి, యూఆర్ట్‌లో మాత్రం 40011008 నుంచి 4001101సి దాకా ఇవ్వండి. స్టేటస్, డేటా రిజిస్టర్లు రెండూ హద్దుకు బయట ఉండిపోతాయి. ఈ నిషేధం డీబగ్గర్‌కే వర్తిస్తుంది, మీ ప్రోగ్రాము ఎప్పటిలాగే వాటిని చదువుకుంటుంది.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. మీ డీబగ్ సర్వర్ తానే ఒక మెమరీ పటం పంపి ఉంటే, దాని మీద పడేలా మీరు ఇచ్చే ప్రాంతాలను జీడీబీ ఒప్పుకోదు, ముందు డిలీట్ మెమ్‌తో పాతవి తీసేయాలి. అలా తీసేస్తే ఏది ఫ్లాషో తెలిపే సమాచారం కూడా పోతుంది, కనుక లోడ్ ఆదేశంతో ప్రోగ్రామును ఎక్కించాకే ఈ పని చేయండి. లాంచ్ కాన్ఫిగరేషన్‌లో ఎక్కింపు తరువాత నడిచే ఆదేశాల పెట్టె ఉంటే అక్కడ రాసుకోండి. రెండో జాగ్రత్త: వాచ్ ఎక్స్‌ప్రెషన్‌లో స్టేటస్ రిజిస్టరు పేరు రాసినా ఇక చూపదు. అది కావాలనుకుంటే ఒక్క స్టేటస్‌కు నాలుగు బైట్ల ప్రాంతం విడిగా ఇవ్వండి. డేటాకు మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి.

---

గోరుముద్ద | బుధవారం, ఉదయం 11:30

నేను వీఎస్ కోడ్ వాడతాను. అక్కడ ఇలాంటి రెండరింగ్ రాయడానికి వీలుందా? చర్చ దారి మళ్ళిస్తున్నానని అనుకుంటే క్షమించండి.

---

తుంగభద్ర | బుధవారం, మధ్యాహ్నం 12:05

దారి మళ్ళలేదు. అక్కడ డీబగ్ అడాప్టర్ ప్రోటోకాల్‌లో రీడ్ మెమరీ అనే అభ్యర్థన ఉంది. చిరునామా, దూరం, ఎన్ని బైట్లు అని అడిగితే, బేస్64లో బైట్లూ, చివర ఎన్ని చదవలేకపోయిందో ఒక సంఖ్యా వస్తాయి. మీ అడాప్టర్ దాన్ని సమర్థిస్తే, ఒక చిన్న ఎక్స్‌టెన్షన్‌లో ఆ అభ్యర్థన పంపి వెబ్‌వ్యూలో మీకు నచ్చినట్టు గీసుకోవచ్చు. ఎక్లిప్స్‌లో ఉన్నట్టు ఒక్కో బైటుకూ విడివిడి గుర్తులు మాత్రం రావు. మూడో_అంతస్తు గారు చెప్పిన డేటా రిజిస్టరు ప్రమాదం ఎడిటర్ మారినంత మాత్రాన పోదు. కింద జీడీబీ ఉంటే పై పరిష్కారం అక్కడా అలాగే పనిచేస్తుంది.

---

వేగుచుక్క | గురువారం, రాత్రి 10:10

ఫలితం చెప్పడానికి వచ్చాను. ప్రాంతాలు ఇచ్చాక వెయ్యికి పైగా బైట్లు పంపుతూ మధ్యమధ్య ఆగి అడుగులు వేశాను. ఆగి ఉన్న ప్రతిసారీ ఒక్క బైటే వచ్చేలా పంపాను. ఒక్కటీ పోలేదు.

అయితే గడిలో విలువ దిద్దేటప్పుడు ఒక తమాషా జరిగింది. 0.5 అని టైపు చేస్తే సరిగా 0.5 అయింది. 1.0 అని టైపు చేస్తే −1 అయింది! స్పీకరులో టప్‌మని పెద్ద శబ్దం వచ్చి, మా అమ్మ పక్క గదిలోంచి ఏం పడేశావని అడిగింది. కారణం ఆలోచిస్తే తెలిసింది: 1.0ని 32768తో గుణిస్తే 32768 వస్తుంది, అది 16 బిట్ల సైన్డ్ సంఖ్యలో పట్టదు, చుట్టు తిరిగి −32768 అవుతుంది. ఇప్పుడు గెట్‌బైట్స్‌లో 32767 దగ్గర ఆపేశాను. అంకె కానిది టైపు చేస్తే ఖాళీ వరుస తిరిగి ఇస్తున్నాను, అప్పుడు మెమరీలో ఏమీ రాయడం లేదు.

ఒక్క సందేహం మిగిలింది. కుడి పలకలో యూఆర్ట్ వరుస ఇప్పుడు ఇలా ఉంది: మొదటి రెండు గడుల్లో ప్రశ్నార్థకాలు, మూడో గడిలో డి9020000, నాలుగో గడిలో 2సి200000. కంట్రోల్ రిజిస్టరులో హెక్సా 202సి ఉండాలని నా లెక్క. ఇది తలకిందులుగా ఉంది. ఇంకెక్కడైనా తప్పు చేశానా?

---

మూడో_అంతస్తు | గురువారం, రాత్రి 10:45

లేదు. మామూలు హెక్సా రెండరింగ్ బైట్లను మెమరీలో ఉన్న వరుసలోనే చూపుతుంది, ఎండియన్ చూసి తిప్పదు. నాలుగో గడిలోని బైట్లను వెనక నుంచి చదవండి: 00, 00, 20, 2సి. మీ 202సి అదే. యూఆర్ట్ ఆన్, స్వీకరణ ఇంటరప్ట్ ఆన్, పంపడం, స్వీకరించడం రెండూ ఆన్. మీరు భయపడిన ఇంటరప్ట్ బిట్ ఎప్పుడూ ఆరలేదు.

మూడో గడిని కూడా అలాగే చదివితే హెక్సాలో 2డి9, అంటే 729. మీ బస్సు గడియారం 84 మెగాహెర్ట్జ్ అయితే దాన్ని 729తో భాగించి చూడండి, మీరు పెట్టుకున్న బాడ్ రేటు 115200 అయి ఉండాలి.

---

వేగుచుక్క | గురువారం, రాత్రి 10:52

115226 వచ్చింది. అవునండీ, 115200కే పెట్టాను.